తారు అంచు వదిలిన రోజు

1999లో, పత్తి తీతలు మొదలైన రోజుల్లో, సత్తెనపల్లి దగ్గరి ఒక ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో హెల్త్ సూపర్‌వైజర్‌గా చేరాను. సూపర్‌వైజర్ అనగానే పెద్ద అధికారి అనుకునేరు. పైన మెడికల్ ఆఫీసరు గారు, కింద ఊరూరా తిరిగే ఏఎన్ఎంలు, మధ్యలో అందరిచేతా మాటలు పడే మనిషి సూపర్‌వైజర్. బుధవారం టీకాల రోజు. ఏఎన్ఎంలు పొద్దున్నే కేంద్రానికి వచ్చి, ఐసు పలకలు పేర్చిన డబ్బాలో టీకా మందు పెట్టుకుని తమ ఊళ్ళకు వెళ్ళాలి. ఐసు కరిగితే మందు పాడవుతుంది. ఆలస్యమైతే తల్లులు పిల్లల్ని చంకనేసుకుని పత్తి కూలికి వెళ్ళిపోతారు. మా పరిధిలో సగం ఊళ్ళకు బస్సు లేదు. అందుకని ఆ ఉద్యోగానికి సూది వెయ్యడం ఎంత ముఖ్యమో బండి నడపడమూ అంతే ముఖ్యం.

నాకు మోపెడ్ నేర్పింది మా ఆయన. బస్సు డ్రైవరు కాబట్టి, బ్యాలెన్సు కన్నా ముందు రోడ్డు మీద మన చోటేదో చూపించారు. పొద్దుటి ఎండ ఏటవాలుగా పడుతున్నప్పుడు నన్ను రోడ్డు పక్కన నిలబెట్టి, లారీల చక్రాలు తొక్కీ తొక్కీ నున్నబడిన రెండు జాడలు చూడమన్నారు. ఎడమ జాడ మనది. దానికి ఇంకా ఎడమన తారు అంచు ఉంటుంది. అది విరిగి, పక్కన జానెడు లోతున నల్లరేగడి మట్టి. మిరప కోతలప్పుడైతే అక్కడే కాయలు ఆరబోస్తారు. రెండు జాడల మధ్య ఇంజన్ల నుంచి కారిన ఆయిలు చార ఉంటుంది; చినుకు పడితే సబ్బు రాసినట్టే. జాడలో నడిస్తే వెనకవాడికి కనబడతాం, ఏదన్నా అడ్డం వస్తే ఎడమకు తప్పుకోవడానికి కాస్త చోటు మిగులుతుంది. అంచునే పట్టుకుని పోయేవాళ్ళకు ఆ చోటు ఉండదు. ఇది ఏ శిక్షణ తరగతిలోనూ మాకు చెప్పలేదు. పెట్రోలు, ఆయిలు కలిసిన ఆ మోపెడ్ పొగ వాసన ఎక్కడన్నా తగిలితే ఇప్పటికీ మా ఆయన పక్కన నిలబడి కేకలేస్తున్నట్టే ఉంటుంది. ఆ రోజులు మళ్ళీ రావు.

మా ఏఎన్ఎంలలో ధనలక్ష్మి అని కొత్తగా వచ్చిన అమ్మాయి ఉండేది. దగ్గరి ఊళ్ళో పత్తి రైతు కోటయ్య గారి కోడలు. చెయ్యి ఎంత తేలికంటే, సూది దిగాక కూడా పిల్లలు ఏడవాలా వద్దా అని ఆలోచించేవాళ్ళు. బండెక్కితే మాత్రం నాకు గుండె దడ. తారు అంచున, పిల్లి గోడ మీద నడిచినట్టు పోయేది. వెనక హారన్ వినబడితే చాలు, మట్టిలోకి దిగిపోయేది. వాళ్ళ ఊళ్ళో అరుగుల మీద పెద్దవాళ్ళు కూర్చుని ఉంటే కోడళ్ళు బండి దిగి నడిపించుకుంటూ పోవాలి. ఆ అలవాటును ఈ పిల్ల పెద్ద రోడ్డుకు కూడా మోసుకొచ్చింది. అప్పటికే రెండుసార్లు పడింది. రెండోసారి మోచేతికి కుట్లు పడ్డాయి.

మర్నాడే కోటయ్య గారు కేంద్రానికి వచ్చారు. కోడలు ఉద్యోగం చెయ్యడం ఆయనకు ఇష్టమే. నలుగురిలో గొప్పగా చెప్పుకునేవారు కూడా.

"సూపర్‌వైజరమ్మా, చేతులూ కాళ్ళూ ఇరగ్గొట్టుకునే ఉద్యోగం మాకొద్దండీ. రాజీనామా రాయిచ్చేత్తాను," అన్నారు.

నాకసలే ముక్కు మీద కోపం. "మీ కోడలు బండి రాక పడలేదండీ, మర్యాద ఎక్కువై పడింది," అన్నాను.

"మర్యాద కూడా తప్పేనా?"

"అరుగు ముందు కాదు. రోడ్డు మీద తప్పే."

ఆయన గుర్రుగా చూసి, వచ్చే బుధవారం తానే బండి వెనక కూర్చుని చూస్తానని, తనకు నచ్చకపోతే అదే ఆఖరి రోజని తేల్చి చెప్పారు.

ఆ వారమంతా సాయంత్రాలు కాలువ రోడ్డు మీద మాకదే పని. ఆమె ముందు, నేను వెనక. నేను హారన్ కొట్టడం, ఆమె మట్టిలోకి దిగడం. "ఏమే, హారన్ కొట్టినవాడల్లా నీకు మేనమామా?" అని అరిచాను. నవ్వింది, ఆ వెంటనే కళ్ళనీళ్ళు పెట్టుకుంది. "ఎనక నుంచి కొడతంటే తిట్టినట్టుంటదండీ. పెద్దోళ్ళను ఆపి నేను ముందు ఎట్టా పోతాను?" అంది. నాకు కోపమంతా దిగిపోయింది. హారన్ తిట్టు కాదనీ, నేనిక్కడ ఉన్నానని వెనకవాడు చెప్పడం మాత్రమేననీ నచ్చజెప్పాను. మామూలుగా ఎడమ జాడలో ఉండు, కాలువ మీది ఇరుకు కల్వర్టు వస్తుందంటే ముందే వెనక్కి చూసుకుని రోడ్డు మధ్యకు రా, దాటాక ఎడమకు తీసి చెయ్యూపి దారి ఇవ్వు అన్నాను. కల్వర్టు మీద పక్కకు తీస్తే వెనకవాడు చోటు చాలుతుందనుకుని పక్కన దూరతాడు. అటు బండి, ఇటు పిట్టగోడ, మధ్యలో మనం.

బుధవారం వచ్చింది. కోటయ్య గారు తలకు కండువా చుట్టి, టీకా డబ్బా ఒళ్ళో పెట్టుకుని కోడలి వెనక కూర్చున్నారు. కొంచెం ఎడం ఇచ్చి నేనూ బయల్దేరాను. ఇద్దరు మనుషుల బరువు మీద కూడా ఆమె జాడ వదల్లేదు. హమ్మయ్య అనుకున్నాను.

కాలువ దగ్గర పడుతుండగా నా వెనక పత్తి ట్రాక్టరు వచ్చింది. ట్రక్కుకు రెండు పక్కలా పత్తి పొర్లి, వల కట్టినా ఉబ్బి వేలాడుతోంది. అక్కడ రోడ్డు వెడల్పు కాబట్టి దారి ఇచ్చాను. ట్రాక్టరు నన్ను దాటి మా ఇద్దరి మధ్యకు వెళ్ళింది. ఇక నాకు ముందేమీ కనబడలేదు. కల్వర్టు సమీపించింది. ట్రాక్టరు ఆపకుండా హారన్ మోగిస్తోంది. ఆ మోతలోనే కోటయ్య గారి కేక వినబడింది: "పక్కకు తియ్యి! పక్కకు తియ్యవే!"

మామగారు చెప్పాక ఈ పిల్ల తియ్యకుండా ఉంటుందా? దేవుడా అనుకున్నాను.

అంతలో ట్రాక్టరు బ్రేకు పడింది. ట్రక్కు కిర్రుమని ఊగి, నెమ్మదిగా కల్వర్టు ఎక్కింది. అంటే ఆమె తియ్యలేదు.

నేను కల్వర్టు దాటేసరికి ట్రాక్టరు డ్రైవరు చెయ్యి ఆడిస్తూ, నోటికొచ్చింది తిడుతూ ముందుకు పోతున్నాడు. మోపెడ్ ఎడమ పక్కన ఆగి ఉంది. కోటయ్య గారు కిందికి దిగి ఊగిపోతున్నారు. "నా మాటంటే లెక్కలేదా? ఆ డ్రైవరు సేత ఎన్ని మాటలు పడ్డాం!" అంటున్నారు. ధనలక్ష్మి హ్యాండిల్ వదల్లేదు. నేను నోరు తెరవబోయాను. ఆ అమ్మాయే ముందు మాట్లాడింది.

"మావయ్యా, కోపం తర్వాత పడుదురుగాని. ముందు ఆ పిట్టగోడ చూసి రండి."

ఆయన విసురుగా వెనక్కి నడిచారు. ఎడమవైపు పిట్టగోడ గరుకు రాళ్ళకు, ఈ చివర నుంచి ఆ చివర దాకా, తెల్లగా పత్తి అంటుకుని ఉంది. కొన్ని చోట్ల రాళ్ళ సందుల్లోకి దిగిపోయింది. బండి మీద కూర్చున్న మనిషి పక్కటెముకల ఎత్తున ఉంది. పుట్టి బుద్ధెరిగిన దగ్గర్నుంచీ పత్తి చేతపట్టిన మనిషి, ఎంత ఒత్తిడి పడితే పత్తి రాతిని అలా కరుచుకుంటుందో ఆయనకు ఒకరు చెప్పాలా? ఒక పింజ లాగి చూశారు. అది ఊడి రాలేదు.

తిరిగి వచ్చి, డబ్బా ఒళ్ళో పెట్టుకుని మళ్ళీ కోడలి వెనక కూర్చున్నారు.

"పోనియ్యమ్మా. పిల్లలకు ఆలిస్యమవుద్ది," అన్నారు.

రాజీనామా మాట మళ్ళీ ఎవరూ ఎత్తలేదు. ఆ తరువాత ప్రకాశం వైపు బదిలీ మీద వెళ్ళినప్పుడు, అక్కడ కొత్తగా బండెక్కిన ప్రతి ఏఎన్ఎంకూ ఇదే నేర్పాను: వెనకవాడికి దారి ఇవ్వాల్సిందే, కాని ఎక్కడ ఇవ్వాలో తేల్చుకోవలసింది ముందు నడుపుతున్న మనిషే.