గుట్టుగా చేసిన పెళ్ళి

మా అమ్మ నా రెండో పెళ్ళి గుట్టుగా చేసింది. ఈ వాక్యంలో తెలుగువాళ్ళెవరికీ తప్పు కనిపించదు. నాకూ కనిపించలేదు. గుట్టుగా బతకడం, గుట్టుగా సంసారం చేసుకోవడం అనేవి మా ఇళ్ళల్లో మెచ్చుకోలు మాటలు. ఆ మాట కెనడా వీసా ఆఫీసరు దాకా వెళ్ళేసరికి నేరంగా తయారైంది.

మొదటి పెళ్ళి అలా కాదు, డ్రోను ఎగిరింది. ప్రీవెడ్డింగ్ షూటని నన్ను గుర్రం ఎక్కించారు. భయమని మొత్తుకున్నా వినలేదు. అమ్మ కుంకుమ భరిణె పట్టుకుని గడప గడపకీ వెళ్ళి బొట్టు పెట్టి పిలిచింది. అప్పటికి నేను కెనడాలో, విండ్సర్‌లో చదువు ముగించి, కిచెనర్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగంలో చేరి, శాశ్వత నివాసానికి పీఆర్ కూడా తెచ్చుకున్నాను. ఊళ్ళో సగం మంది పిల్లలు కెనడా స్టూడెంట్ వీసా కోసం కోచింగ్ సెంటర్లలో కూర్చున్న రోజులవి. ఆ పెళ్ళికొడుక్కి ఇంగ్లీషు పరీక్షలో బ్యాండ్లు రాలేదు. బదులుగా నేను దొరికాను.

అతన్ని తెచ్చుకోవడానికి నేనే స్పాన్సర్ చేశాను. ఆల్బమ్ బరువు చూసి ఇచ్చారేమో, వీసా చకచకా వచ్చేసింది. తన పీఆర్ కార్డు పోస్టులో అందిన వారానికి, టొరంటో పక్కన ఎటోబికోలో స్నేహితుల దగ్గరుండి ఉద్యోగం వెతుక్కుంటానని బ్యాగు సర్దుకున్నాడు. తర్వాత ఫోనెత్తడం మానేశాడు. చివరికి నీతో కలిసి ఉండడం కుదరదని మెసేజ్ పెట్టాడు. ఇంగ్లీషులో పెట్టాడు, అందులోనూ తప్పులే.

విడాకులయ్యాయి. కానీ స్పాన్సర్ పూచీ విడాకులతో తీరదు. అతను ఇక్కడ దిగిన రోజునుంచి మూడేళ్ళపాటు అతని తిండికీ గుడ్డకీ నాదే హామీ. ఆ మూడేళ్ళూ గడిచేదాకా ఇంకో భర్తను తెచ్చుకోవడానికి వీల్లేదు. తాళి తీసేసినా పలుపు మాత్రం మెడలోనే ఉంచారన్నమాట.

అమ్మకి తగిలిన దెబ్బ వేరు. బొట్టు పెట్టి పిలిచిన ఇళ్ళవాళ్ళందరూ పరామర్శకి వచ్చారు. కాఫీలు తాగి, "అమ్మాయిలో ఏదన్నా లోపముందా వదినా?" అని మెల్లగా అడిగి వెళ్ళారు. అప్పటినుంచి అమ్మ వీధి తలుపు దగ్గరగా వేసి ఉంచడం అలవాటు చేసుకుంది.

ఈ సంబంధం కూడా అమ్మే చూసింది. ఆయన జూనియర్ కాలేజీలో లెక్కలు చెబుతారు. ఆయనకూ ఒక పెళ్ళి అయి చెడింది. మొదటిసారి ఫోనులో మాట్లాడినప్పుడు కెనడా గురించి ఒక్క ప్రశ్న వేయలేదు. "అక్కడి చలికి మీకు కీళ్ళ నొప్పులు పుట్టవా?" అని అడిగారు. నాకు అక్కడికక్కడే నచ్చేశారు. అప్పటికి నాకు ముప్ఫై ఆరేళ్ళు. పిల్లలు కావాలని ఉండేది. ఇందులో సిగ్గుపడాల్సింది ఏమీ లేదు కనుక రాస్తున్నాను.

పక్క జిల్లాలో ఒక కొండమీది గుళ్ళో పెళ్ళి చేశారు. ఆయన అన్నయ్యా వదినా, మా అమ్మ, పూజారి, అంతే. భోజనం గుడి ప్రసాదం పులిహోర. "రెండో పెళ్ళికి మేళతాళాలెందుకే, దిష్టి" అంది అమ్మ. వాళ్ళన్నయ్య ఫోనుతో నాలుగు ఫొటోలు తీశారు, ఒకదానిలో వేలు అడ్డమొచ్చింది. సొంత చెల్లెలైన మా పిన్నికి కూడా అమ్మ కబురు పెట్టలేదు. వీసా వచ్చి, అల్లుడు విమానమెక్కాక అందరికీ చెబుదామంది. అప్పుడైతే ఎవరూ నవ్వడానికి ఉండదు.

కిచెనర్ తిరిగొచ్చి నేనూ నోరు కట్టుకున్నాను. ఆ రోజుల్లో ఇక్కడ ఏ బస్సెక్కినా మన పిల్లలే. ఒక్కో బేస్‌మెంట్‌లో పరుపులు పరుచుకుని ఆరుగురు ఉండేవాళ్ళు. నా అపార్ట్‌మెంట్‌లో రెండో గదిలో ఒక వరంగల్ అమ్మాయి చేరింది. "అక్కా, రోజు గంటల గంటలు ఎవ్వరితోని మాట్లాడుతున్నవ్?" అని అడిగితే, "మా కజిన్‌తో" అన్నాను. కట్టుకున్నవాణ్ణి కజిన్ని చేశాను.

మొదటి అతని పూచీకి మూడేళ్ళు నిండగానే ఈయన కోసం అప్లై చేశాను. పెళ్ళి సర్టిఫికెట్టు, నేను వెళ్ళొచ్చిన టికెట్లు, ఫోను రికార్డులు అన్నీ పెట్టాను. అమ్మ తన మాటగా తెలుగులో రాసి సంతకం చేసింది: "మా అమ్మాయికి ఇది రెండో పెళ్ళి కనుక గుట్టుగా చేశాం." అనువాదం చేసినతను దాన్ని 'సీక్రెట్'గా చేశామని ఇంగ్లీషులో పెట్టాడు. పంపేముందు నేను చదివాను. కళ్ళు ఇంగ్లీషు చదువుతున్నా లోపల అమ్మ గొంతే వినిపించి, మాట తేడా పట్టుకోలేకపోయాను.

ఏడాది దాటాక తిరస్కరించారు. పెళ్ళి రహస్యంగా చేశామని తల్లే ఒప్పుకుంది, బంధువులెవరూ లేరు, ఫొటోలు నాలుగే, ఇదివరకు ఒకరిని ఇలాగే తెస్తే ఆ కాపురం నిలవలేదు, కాబట్టి ఇది నిజమైన పెళ్ళని నమ్మలేకపోతున్నాం అని రాశారు. డ్రోను ఎగిరిన దొంగ పెళ్ళిని నమ్మి, పులిహోర పెళ్ళిని కాదన్నారు. ఆ కాగితం పట్టుకుని లాండ్రీ గదిలోకి వెళ్ళి తలుపేసుకున్నాను. డ్రయ్యర్ చప్పుడులో ఎంత గట్టిగా ఏడ్చినా బయటికి వినపడదు.

అప్పీలుకి వెళ్ళాం. మా లాయరు ఒకావిడ. "ఈ పెళ్ళి సంగతి తెలిసినవాళ్ళతో ఉత్తరాలు రాయించండి" అంది.

"ఎవరికీ తెలియదండీ."

ఆవిడ పెన్ను కింద పెట్టి, నా మొహంలోకి చూసింది. నా మాట ఆవిడ కూడా నమ్మడం లేదేమోనని మొదటిసారి భయం వేసింది.

అమ్మకి ఫోను చేశాను. "పిన్నికి చెప్పమ్మా. వీధిలో నలుగురికి చెప్పు."

"వీసా రానీ, చెబుదాం."

"చెబితేగానీ వీసా రాదమ్మా."

"వీసా రాకముందే చెబితే, ఈయన కూడా వదిలేశాడంటారే. ఇంకోసారి ఆ మాట పడలేను. నా వల్ల కాదు."

"నీ పరువు కోసం నా మొగుణ్ణి నాకు కాకుండా చేస్తున్నావు" అని అరిచి ఫోను పెట్టేశాను. ఆ తర్వాత చాలా రోజులు మేం అన్నం తిన్నావా అంటే తిన్నాను అనుకోవడమే. ఆయన మాత్రం రోజూ పాఠం అయ్యాక ఫోను చేసేవారు. ఇక్కడి ఉద్యోగానికి రాజీనామా చేసి నేనే ఇండియా వచ్చేస్తానంటే, "హియరింగ్ అవ్వనీ" అనేవారు. నాకు ముప్ఫై తొమ్మిది నిండబోతోంది. పిల్లల సంగతి ఇద్దరం ఎత్తడం మానేశాం.

హియరింగ్ వీడియోలో జరిగింది. మాకు ఉదయం, అక్కడ సాయంత్రం. సిగ్నల్ అందేది అక్కడేనని అమ్మ వరండాలో కూర్చుంది. ఆమె తెలుగుని ఇంగ్లీషు చేయడానికి టొరంటో నుంచి ఒక దుబాసీ ఉన్నాడు. తల్లి సాక్ష్యం చెప్పేటప్పుడు కూతురు నోరెత్తకూడదని తీర్పు చెప్పే ఆవిడ ముందే హెచ్చరించింది.

ప్రభుత్వం తరఫు లాయరు అడిగిన ప్రశ్నని దుబాసీ తెలుగులో అడిగాడు. "అమ్మా, ఈ పెళ్ళి రహస్యంగా ఎందుకు చేశారు?"

"రహస్యమేంటి బాబూ? పట్టపగలు గుళ్ళో చేశాం. మొదటి పెళ్ళికి ఊరంతా పిలిచాను. అందరూ వచ్చి అక్షింతలేశారు. వాడు వదిలేసి పోతే, వాళ్ళే వచ్చి నా బిడ్డలో వంకలెతికారు. అందుకని ఈసారి నా బిడ్డని నేను దాచుకున్నాను."

దుబాసీ ఒక్క క్షణం తడుముకుని, "ఐ హిడ్ మై డాటర్" అన్నాడు.

దాచడం వేరు, దాచుకోవడం వేరు. ఆ ముక్క అరిచి చెప్పాలని నోటిదాకా వచ్చింది. పెదవి కొరుక్కుని తెర ముందు ఏడుస్తూ కూర్చున్నాను. ఒకసారి ఒక మాటతో వీసా పోయింది, ఇప్పుడు ఇంకో మాటతో మొత్తం పోతోంది అనుకున్నాను.

అమ్మ ఫోను మొహానికి దగ్గరగా పెట్టుకుంది. "అదెందుకు అట్టా ఏడుస్తంది? నేను చెప్పింది చెప్పినట్టు చెప్పావా బాబూ?"

ఆ ప్రశ్నని కూడా ఇంగ్లీషులో చెప్పక అతనికి తప్పలేదు. చెప్పాక ఒక సవరణ చేసుకుంటానని అనుమతి అడిగాడు. దాచుకోవడమనే మాటకి పోగొట్టుకోకుండా భద్రంగా చూసుకోవడమని కూడా అర్థం ఉందన్నాడు. ప్రభుత్వం లాయరు సరేనని తలూపి, చివరి ప్రశ్న వేశాడు. "మరి ఈరోజుకైనా మీ బంధువుల్లో, ఇరుగుపొరుగుల్లో ఒక్కరికైనా ఈ పెళ్ళి సంగతి తెలుసా?"

లేదనే జవాబు నాకు తెలుసు. మా లాయరు తల దించుకుని కాగితాలు సర్దుకుంటోంది.

అమ్మ ఉన్నట్టుండి లేచింది. తెరమీద ఖాళీ కుర్చీ, గోడ మాత్రమే మిగిలాయి. తీర్పు చెప్పే ఆవిడ "హలో, హలో" అంటోంది. ఇంతలో పక్కనుంచి అమ్మ గొంతు గట్టిగా వినిపించింది.

"వదినా! ఓ వదినా! ఒక్కసారి గోడ దగ్గరికి రా!"

"ఏంటి వదినా, పొయ్యి మీద కూరుంది" అని పక్కింటి అత్తయ్య గొంతు.

"మా అమ్మాయికి మళ్ళీ పెళ్ళి చేశాను. మూడేళ్ళు కావస్తంది. నీకు చెప్పలేదు."

అత్తయ్య గోడ దగ్గరికి వచ్చినట్టుంది, ఈసారి గొంతు దగ్గరగా వినిపించింది.

"తెలుసులే వదినా. నీకు కంటి ఆపరేషనప్పుడు అల్లుడుగారు చెయ్యి పట్టుకుని ఆటోలోంచి దించలా? ఇంకెవరు దించుతారు అట్టా? వీధి మొత్తానికి తెలుసు. నువ్వే చెబుతావని ఊరుకున్నాం."

దుబాసీ గొంతు సవరించుకుని ఒక్కో వాక్యం ఇంగ్లీషులో చెప్పుకొచ్చాడు. తీర్పు చెప్పే ఆవిడ రాసుకుంటోంది. తెరమీదికి అమ్మ ఇంకా రాలేదు, గోడ దగ్గర ఏడుస్తున్నట్టు వినపడుతోంది. నాకు ఏడుపు ఆగిపోయి ఒళ్ళు మండింది. ఆ వీధిలో ఒక్కరు, ఇన్నేళ్ళలో ఒక్కసారి, "మీ అల్లుడు బాగున్నాడా వదినా" అని అడిగి ఉంటే, ఆయన ఈపాటికి నా పక్కన కూర్చుని ఉండేవారు.