రిజిస్టరులో రాయని ఎనిమిది

సరిహద్దు పోస్టుకు చేరేసరికి మధ్యాహ్నం రెండూ పది. కింద రోడ్డు ఆగిపోయిన చోటి నుంచి నాలుగు గంటల నడక. ఎత్తు పదమూడు వేల అడుగుల పైచిలుకు. మంచు మోకాలి దాకా ఉంది. నా వీపున ఇరవై రెండు కిలోలు, అందులో సగం మందులు. మాది ముక్తేశ్వరం. సైన్యంలో చేరకముందు నేనెక్కిన ఎత్తు ఏటిగట్టే.

పోస్టులో పద్నాలుగు మందిమి. నేను నర్సింగ్ అసిస్టెంటుని. డాక్టరు కింద బెటాలియన్‌లో ఉంటాడు. పైన జ్వరమైనా గాయమైనా చూడాల్సింది నేనే. అందుకే అందరూ నన్ను డాక్టర్ సాబ్ అనేవారు. నాకు అప్పగించినవి రెండు: మందుల పెట్టె, రోగుల రిజిస్టరు. ఎవరికి ఏమైంది, ఎన్ని గంటలకి, ఏం చేశాను. అది రాయాలి.

బూట్లు విప్పుతూ తెలుగులో ఏదో గొణుక్కున్నాను. మెషిన్ గన్ దగ్గర కూర్చున్న, నాయక్ హోదా ఉన్న జవాను తల తిప్పాడు.

"తవరిది గోదావరి జిల్లాలాండి?" అన్నాడు.

అతని పేరు వీర్రాజు. ఉప్పలగుప్తం అవతల ఉప్పుటేటి ఒడ్డున ఇల్లు. తాతల నాటి నుంచి చేపల వేట. పదేళ్ళ వయసు నుంచి విసురువల వేసిన భుజాలు. పోస్టులో అందరికంటే బరువు ఎత్తేవాడు అతనే.

పద్దెనిమిదో రోజు, మధ్యాహ్నం మూడూ ఇరవై. కిరోసిన్ డబ్బాలను తాడుతో పైకి లాగుతున్నారు. ఒక డబ్బా బండకు తట్టుకుని జారింది. తాడు ఒక్కసారిగా గుంజింది. వీర్రాజు కుడిచెయ్యి తల మీంచి వెనక్కి పోయింది. నేను వెళ్ళేసరికి మంచులో కూర్చుని ఉన్నాడు. అరవలేదు. జాకెట్టు కింద భుజం గుండ్రం పోయి పలకలా ఉంది. చేతి ఎముక గుండు గూట్లోంచి ముందుకు జారిపోయింది.

మందుగుండు పెట్టెల మీద బోర్లా పడుకోబెట్టాను. చెయ్యి కిందికి వేలాడదీసి, మణికట్టుకు ఇసుక నింపిన డబ్బా కట్టాను. ఇరవై ఐదు నిమిషాలు. తర్వాత లోపల టక్కుమంది. నాడి చూశాను, వేళ్ళు కదిలించమన్నాను. రేడియో ఆపరేటరు కింద డాక్టరుకు కలిపాడు.

"ఎక్కిందా? ఓవర్."

"ఎక్కింది సర్. ఓవర్."

"రోడ్డు తెరిచాక పంపు. మళ్ళీ జారితే వెంటనే చెప్పు. అవుట్."

రిజిస్టరులో రాశాను. అది ఒకటి.

పన్నెండు రోజుల తర్వాత, పొద్దున్న ఆరున్నరకి, కోటు చేతిలో చెయ్యి దూర్చబోతే మళ్ళీ జారింది. ఈసారి పది నిమిషాల్లో ఎక్కింది. నేను రిజిస్టరు తీశాను.

"రాయకండి డాక్టరు గారూ," అన్నాడు వీర్రాజు. "ఎండాకాలంలో హవల్దారు ప్రమోషనుకి కేడరు కోర్సుంది. మెడికల్ కేటగిరీ పడిపోతే ఇంక నా సంగతి అంతేనండి. మీరు ఎక్కించేరు కదా, ఇంకేం పోయింది?"

పోస్టులో అప్పటికే ఇద్దరికి కాలివేళ్ళు మంచుకు దెబ్బతిని కాపలాకు లేరు. వీర్రాజు కూడా దిగిపోతే గన్ దగ్గర నిలబడేవాడు లేడు. పెన్నులో సిరా గడ్డకట్టిందని నాకు నేను చెప్పుకున్నాను. పక్కనే పెన్సిలు ఉంది. రాయలేదు.

ఆ తర్వాత నాకు కుదురు లేదు. అతను ఆవలిస్తే చూసేవాణ్ణి. చెయ్యెత్తి పైనున్న మగ్గు అందుకుంటే చూసేవాణ్ణి. కాపలాకు వెళ్ళేటప్పుడు తుపాకీ ఏ భుజాన వేసుకున్నాడో చూసేవాణ్ణి. మూడోసారి జారింది, నాలుగోసారి జారింది. ప్రతిసారీ ఇంకాస్త తేలికగా జారుతోంది, ఇంకాస్త తేలికగా ఎక్కుతోంది. నాలుగోసారి డబ్బా బరువు కూడా అవసరం లేకపోయింది. నా చెయ్యి తిరిగిందనుకుని లోలోపల గర్వపడ్డాను. తేలికగా ఎక్కుతోందంటే గూడు అంచు అరిగిపోతోందని అప్పుడు నాకు తెలియదు.

ఆరోసారి గురించి చెప్పాలి. ఉదయం ఐదూ నలభై. మంచు గట్టిపడి ఉంది. పక్క గుట్ట చూసి రావడానికి నలుగురం ఒకే తాడుకు కట్టుకుని బయలుదేరాం. ముందు పోస్టు కమాండరు, తర్వాత రేడియో ఆపరేటరు, తర్వాత వీర్రాజు, చివర నేను. వాలు మీద ఆపరేటరు కాలు జారింది. తాడు బిగిసింది. వీర్రాజు మంచుగొడ్డలి దించడానికి కుడిచెయ్యి ఎత్తాడు. భుజం జారి, ఎత్తిన చెయ్యి ఎత్తినట్టే ఉండిపోయింది. గొడ్డలి జారిపోబోతే ఎడమచేత్తో అందుకుని, దాని మీద ఛాతీ ఆనించి పడిపోయాడు. పదహారు అడుగుల కింద ఆపరేటరు ఆగాడు.

పైనుంచి కమాండరు అడిగాడు. "వీర్రాజ్, ఠీక్?"

"ఠీక్, సాబ్."

బండ చాటున భుజం ఎక్కించాను. ఆపరేటరు పైకొచ్చి, జేబులోంచి బిస్కట్లు తీసి నాకు రెండిచ్చాడు. తిన్నాను. అతను చావు అంచు దాకా వెళ్ళొచ్చాడని, ఎందుకో కూడా తెలిసి, అతని బిస్కట్లు తిన్నాను. ఆ రోజు కూడా రాయలేదు.

రోడ్డు తెరిచేసరికి తొమ్మిదిసార్లు అయింది. వీర్రాజును మిలిటరీ ఆస్పత్రికి దించారు. తోడు నేనే. సర్జను ఎంఆర్ఐ ఫిల్ములు చూశాడు. గూడు చుట్టూ ఉండే మెత్తని అంచు చిరిగింది, ఎముక కూడా కొంత అరిగింది అన్నాడు. ఎన్నిసార్లు జారిందని అడిగాడు. వీర్రాజు రెండు అన్నాడు. సర్జను నా వైపు తిరిగాడు.

"రిజిస్టరులో?"

"ఒకటి, సర్."

అది అబద్ధం కాదు. అంతకంటే పెద్ద అబద్ధం నేను ఎప్పుడూ ఆడలేదు. ఒకటో రెండో అయితే చిన్న రంధ్రాలు చేసి, చిరిగిన అంచును దారాలతో ఎముకకు కుట్టేస్తే నిలబడుతుందన్నాడు సర్జను. అలాగే చేశాడు.

ఆ చలికాలం నా సర్వీసు అయిపోయి ముక్తేశ్వరం వచ్చేశాను. ఆపరేషను తర్వాత ఎనిమిది నెలలు వీర్రాజు భుజం జారలేదు. తర్వాత వీర్రాజు సెలవు మీద ఇంటికి వచ్చాడు. ఒక మధ్యాహ్నం అతని భార్య నాగమణి నుంచి ఫోను. "అన్నయ్యగారూ, ఒకసారి రండి," అని పెట్టేసింది.

మోటారు సైకిలు మీద వెళ్ళాను. ఉప్పుటేట్లో నడుం లోతు నీళ్ళలో వల విసిరాడట. చెయ్యి వెనక్కి వెళ్ళగానే భుజం జారిపోయింది. వల తాడు మణికట్టుకు ఉంది. పోటు తీసి నీళ్ళు సముద్రం వైపు లాగుతున్నాయి. నీటితో పాటు వల లాగుతుంటే మెడలోతుకు వెళ్ళిపోయాడు. పక్క పడవవాళ్ళు తాడు కోసి లాగారు. నేను వెళ్ళేసరికి అరుగు మీద తడిబట్టలతోనే ఉన్నాడు. అతని చెయ్యి రెండు వేళ్ళతో పట్టి మెల్లగా బయటికి తిప్పాను, అంతే. ఎక్కిపోయింది. భుజం అంత తేలికగా ఎక్కకూడదు.

నాగమణి అడిగింది, ఆపరేషను చేసినా ఇలా ఎందుకైందని. వీర్రాజు తల వంచుకున్నాడు. నేను చెప్పేశాను. తొమ్మిదిసార్లు, రాసింది ఒకటి.

ఆవిడ పొడి తువ్వాలు తెచ్చి వీర్రాజు భుజాల మీద కప్పింది. తర్వాత, "ఆయనంటే మొండోరు. మీరు చదువుకున్నోరు కదా అన్నయ్యగారూ, తెలిసి కూడా ఊరుకున్నారా?" అంది.

"ఊరుకున్నానమ్మా," అన్నాను.

అదే వారం ఇద్దరం మిలిటరీ ఆస్పత్రికి రైలెక్కాం. దారిలో ఒక తెల్లకాగితం మీద తొమ్మిది వరుసలు రాశాను. రోజు, గంట, ఎలా జారింది, ఎంతసేపట్లో ఎక్కింది. అన్నీ గుర్తున్నాయి. పదోది ఉప్పుటేరు. అదే సర్జను కాగితం రెండుసార్లు చదివాడు. నన్ను తిట్టలేదు. ఈ కాగితం అప్పుడే వస్తే తను దారాలతో ఆగేవాణ్ణి కాదని మాత్రం అన్నాడు.

ఈసారి సీటీ స్కాను తీసి, బొమ్మ తిప్పి చూపించాడు. మన భుజం గూడంటే లోతైన గిన్నె కాదు. ప్రమిద మీద నిమ్మకాయ పెట్టినట్టు ఉంటుంది. ప్రమిద అంచు ముందువైపు పావు వంతు లేదు. జారిన ప్రతిసారీ కాయ ఆ అంచును గీరుకుంటూ పోయింది. అంచు లేని ప్రమిదకు ఎంత దారం కుట్టినా కాయ నిలవదు. భుజం ముందువైపు కాకిముక్కులా ఉండే చిన్న ఎముకను, దానికున్న కండతో సహా కోసి, పోయిన అంచు చోట రెండు మరలతో బిగించాలన్నాడు. అది అతుక్కుంటే భుజం నిలుస్తుంది. అతుక్కుంటుందన్న హామీ మాత్రం ఇవ్వలేనన్నాడు. పక్కనే చేతికి వెళ్ళే నరాలున్నాయని కూడా చెప్పాడు.

"కానివ్వండి సర్," అన్నాడు వీర్రాజు. సంతకం పెట్టే ముందు నా వైపు చూశాడు. "ఈసారి అన్నీ రాయండి డాక్టరు గారూ."

పొద్దున్న ఎనిమిదింటికి లోపలికి తీసుకెళ్ళారు. పదీ ముప్పావుకి బయటికి తెచ్చారు. బొటనవేలు ఎత్తమన్నాను. ఎత్తాడు. అప్పుడు కూర్చున్నాను.

తర్వాత మూడు నెలలు ఎదురుచూపు. చెయ్యి పట్టీలో ఉన్నన్నాళ్ళూ వారం వారం నేను ఫోను చేసేవాణ్ణి. నొప్పి ఎక్కడ, తిమ్మిరి ఉందా, రాత్రి నిద్ర పట్టిందా. అతను విసుక్కోకుండా, "ఆయ్, బానే ఉందండి," అనేవాడు. ఆ మాట నమ్మడం నాకు కష్టంగా ఉండేది. పోస్టులోనూ అలాగే అనేవాడు. మూడో నెల స్కానులో ఎముక అతుక్కుంది. మరలు కదల్లేదు.

హవల్దారు కాలేదు. గన్ దగ్గర నుంచి స్టోరుకు మార్చారు. సర్వీసు పూర్తిచేసుకుని నాయక్‌గానే ఇంటికి వచ్చాడు. చెయ్యి వెనక్కి పూర్తిగా పోదు, నాలుగు వేళ్ళ మేర తక్కువ. కానీ ఆపరేషను తర్వాత ఒక్కసారి కూడా జారలేదు.

వచ్చిన నెలకి కబురు చేశాడు. వెళ్ళాను. వల వెయ్యడానికి సర్జను ఎప్పుడో ఒప్పుకున్నాడు, అయినా నేను వచ్చేదాకా వల ముట్టలేదట. ఉదయం ఏడు. ఏరు పోటు మీదుంది. వీర్రాజు మోకాలి లోతులో నిలబడ్డాడు. చెయ్యి వెనక్కి తీసుకుని, నడుం తిప్పి విసిరాడు. వల మునుపంత గుండ్రంగా విచ్చుకోలేదు. ఒకపక్క ముడుచుకుని నీళ్ళలో పడింది. భుజం అక్కడే ఉంది. ఒడ్డున ఉన్నవాళ్ళు నవ్వారు, వీర్రాజూ నవ్వాడు.

నేను వెనక్కి తిరిగాను. గట్టు మీద నాగమణి కళ్ళు గట్టిగా మూసుకుని నిలబడి ఉంది. ఎడమచేత్తో తన కుడిభుజాన్ని తనే అదిమి పట్టుకుని ఉంది. వల పడిన చప్పుడు అయ్యాక కూడా వదల్లేదు.