హంసల అంచు పత్తాలు

తొమ్మిదేళ్ల వయసుకే మోత్కూరు చుట్టుపక్కల పది ఊళ్లలో మూడు పేకముక్కల తీన్‌పత్తా ఆటలో నన్ను ఓడించిన మొనగాడు లేడు. అటువంటి నాకు నిన్న మనవడు ఫోనులో పోకర్ చూపిస్తూ, "తాతా, గిండ్ల ఐదు పత్తాలుంటయి. ఐదూ ఒక్క తీరువొస్తే ఫ్లష్. నీకు సమజ్ గాదు తియ్," అన్నాడు. ఒళ్లు మండిపోయింది. సందుగ తెరిచి, ఇప్పటికీ గంజి వాసన పోని చిల్లుల అట్టముక్క ఒకటి తీసి వాడి ముందు పడేశాను.

అది మా బాపు మగ్గం మీది జకార్డు అట్ట. ఆ చిల్లులను బట్టే పోగులు లేచి చీర అంచు మీద హంసలు తేలేవి. అమావాస్యనాడు మగ్గం ముట్టరు కాబట్టి, పొద్దున్నే తానాలు చేసి, మక్క గుడాలు తిని, వాడకట్టు మగవాళ్లంతా మా అరుగు మీద పత్తాలకు కూర్చునేవారు. వాళ్లకు చాయ్ అందిస్తూ అందిస్తూ మా అక్క ఆటంతా కళ్లతోనే పట్టేసి, నూలు కండెలు చుట్టే మూలన నన్ను కూర్చోబెట్టి నేర్పింది: మూడూ ఒకటే అయితే అన్నిటికన్నా పెద్ద, తర్వాత వరుస, తర్వాత ఒకే రంగు, ఆ తర్వాత జోడు. "పత్త మంచిగ రాకున్నా మొఖం మీద తెల్వనియ్యకురా," అని నెత్తిన మొట్టింది కూడా.

పత్తాలు కొనిచ్చే దిక్కు లేదు. అటక మీద దాచిన హంసల అంచు అట్టల దండ విప్పి, కోసి, అద్దకం రంగుతో బొమ్మలు గీస్తే యాభైరెండు తయారయ్యాయి. ఒక్కో అట్టకు ఒక్కో తీరు చిల్లులు; మగ్గం ఇంటి పిల్లవాణ్ని, ఎవరి చేతిలో ఏముందో వెనుక నుంచే చదివేసేవాణ్ని. పది ఊళ్లన్నాను గానీ, నా చేతిలో ఓడింది గొర్లు కాసే ఇళ్ల నలుగురు పోరగాళ్లు. అదీ చింతగింజలకు.

పెళ్లిచీరకు హంసల అంచే కావాలని షావుకారు కబురు పంపినరోజు బాపు అటకెక్కాడు. దండ లేదు. నీళ్ల గాబు వెనుక పత్తాలు దొరికాయి. ఒక్క మాట అడగలేదు, విచారించలేదు. ఆడపిల్లకు పత్తాలేమిటని అక్కను ఆరో తరగతిలోనే బడి మాన్పించి కండెల ముందు కూర్చోబెట్టాడు. లెక్కల్లో బడికంతా మొదటిది మా అక్క! అరుగు పోయింది, మగ్గం గుంట పూడ్చి కిరాయి గది కట్టారు, బాపూ పోయాడు. నా కోపం మాత్రం చల్లారలేదు. "గంత అన్యాలం చేసిండురా నీ ముత్తాత!" అని మనవడి మీద అరిచాను.

పక్కనే చిక్కుడుకాయల ఈనెలు తీస్తున్న అక్క తల కూడా ఎత్తలేదు.

"బాపు అడిగిండు. అట్టలు కోసిందెవరని ఇద్దర్ని నిలవెట్టి అడిగిండు. నువ్వు నా దిక్కు ఏలు చూపినవ్. మొఖం మీద జర గూడ తెల్వనియ్యకుంట."