మూడు సూర్యుళ్ళ ఉదయం

వీధిలో అందరూ ఆమెను చిన్నమేస్త్రి అంటారు. పెద్దమేస్త్రి ఆమె అన్న. తండ్రి వదిలిపోయిన షెడ్డులో ఇద్దరూ ఇనుప గేట్లు చేస్తారు. వెల్డింగులో ఆమెది అన్నను మించిన చెయ్యి. తెలిసినవాళ్ళెవరూ అతని ఎదుట ఆ మాట ఎత్తరు. తెలియక ఎవరైనా నోరు జారితే, వాళ్ళు అటు వెళ్ళగానే ఆమెకు దెబ్బలు తప్పవు.

చేతిలో ఏముంటే అది విసరడం అతని అలవాటు. ఊచ ముక్క, బోల్టు, ఓసారి వేడి మీదున్న మడతబందు. దాని అచ్చు ఆమె మోచేతి మీద ఇప్పటికీ ఉంది. మేనమామ అడిగితే పనిలో కాలిందని చెప్పింది.

పోయిన వారం అతను విసిరిన పటకారు వచ్చి ఆమె ఎడమ కనుబొమకు తగిలింది. కళ్ళ డాక్టరు లైటు వేసి చూసి, ఇప్పటికి ఫరవాలేదన్నాడు. వెలుగు చుట్టూ వలయాలు కనిపిస్తే మాత్రం పరిగెత్తుకు రమ్మన్నాడు. ఒక కన్ను చెడితే రెండోదానికీ భరోసా లేదన్నాడు. అప్పటినుంచి ఏ బల్బు వెలిగినా ఆమె గుండె చిక్కబట్టుకునే చూసేది. కళ్ళు పోతే చిన్నమేస్త్రి ఉండదు. అన్న పంచన పడి ఉండే చెల్లెలు మిగులుతుంది.

ఆ చలికాలపు ఉదయం షట్టరు ఎత్తి వెనక్కి తిరిగింది. ఎదురు గోడౌను కప్పు మీదికి అప్పుడే సూర్యుడొచ్చాడు. చుట్టూ పెద్ద వలయం. కుడివైపొకటి, ఎడమవైపొకటి, ఎర్రటి అంచులతో ఇంకో రెండు సూర్యుళ్ళు.

ఎడమ కన్ను మూసింది. మూడూ అలాగే ఉన్నాయి. కుడి కన్ను మూసింది. అలాగే ఉన్నాయి. రెండూ పోయాయనుకుంది.

అన్న మఫ్లరు చుట్టుకుని, తల వంచుకుని వచ్చాడు. సైకిలు గోడకు ఆనించి, నిన్నటి గేటు ఎందుకు పూర్తికాలేదని మొదలుపెట్టాడు.

"గుడ్లప్పగించి చూస్తావేం?"

"ఆ గుడ్లు నువ్వే పీకేశావుగా."

అతను నవ్వాడు.

బల్ల మీది సుత్తి ఆమె చేతిలోకి వచ్చింది. మొదటి దెబ్బ అతని దవడకు తగిలింది. రెండోది అడ్డం పెట్టిన ముంజేతి మీద పడింది, ఎముక టక్కుమంది. అతను జుట్టు దొరకబుచ్చుకుని ఆమె తలను గేటుకేసి బాదాడు. ఆమె అతని మణికట్టు కొరికి, పళ్ళు లోపలికి దిగినా వదల్లేదు. ఇద్దరూ వీధిలో పడ్డారు. ఆమె అతని రొమ్ము మీద మోకాలు మోపి, ఎడమ కంటికి గురిచూసి సుత్తి ఎత్తింది.

అతను ఆమె భుజం మీదుగా పైకి చూస్తున్నాడు.

"అదేంటే," అన్నాడు నోట్లో రక్తంతో. "మూడున్నాయి."

సుత్తి గాల్లోనే ఆగింది. "ఏం మూడు?"

"సూర్యుళ్ళు. చుట్టూ గుండ్రంగా ఏదో ఉంది."

"నీకూ కనిపిస్తున్నాయా?"

"నేనేమన్నా గుడ్డోణ్ణా?"

టీకొట్టు ముందు నలుగురు గ్లాసులు పట్టుకుని తలలెత్తి నిలబడ్డారు. పైన మబ్బుల్లోని మంచు పలుకుల మీద ఎండ పడితే ఇలా కనిపిస్తుందని, మంచుకొండల దారిలో రెండుసార్లు చూశానని ఒక లారీ డ్రైవరు చెబుతున్నాడు. రక్తమోడుతున్న అన్నాచెల్లెళ్ళ వంక ఒక్కరూ చూడలేదు.

ఆమె లేచింది. షెడ్డులోకి వెళ్ళి తన వెల్డింగు మిషను, ముసుగు తోపుడు బండి మీదికి ఎత్తుకుంది.

"ఎక్కడికే?" అన్నాడు, విరిగిన చెయ్యి ఒళ్ళో పెట్టుకుని.

పక్క వీధి షెడ్డువాళ్ళు ఏడాదిగా పిలుస్తున్నారని చెప్పింది.

"కళ్ళు పోయాయనుకుని కొట్టాను, అన్నా. ఉన్నాయి కాబట్టి వెళ్తున్నాను."

మూడు సూర్యుళ్ళు మొహాన కొడుతుంటే, కళ్ళు చిట్లించుకుంటూ బండి తోసింది.