బొంత కుట్టడానికొచ్చినావిడ

అమలాపురం శివార్లలో, ఇక నయం కాదని డాక్టర్లు చెప్పేసినవాళ్ళని పైసా తీసుకోకుండా చివరిదాకా చూసుకునే ఇల్లొకటుంది. అక్కడి మంచాలకని మేం కొందరు ఆడవాళ్ళం మధ్యాహ్నాలు వెళ్ళి, వసారాలో పాత నేత చీరలు పొరలుగా పరిచి బొంతలు కుట్టేవాళ్ళం.

ఓ రోజు కొత్తపేట వైపు నుంచి ఒకావిడ వచ్చి, "నేనూ ఓ చెయ్యి వేస్తానండీ" అంది. కుట్టు చక్కగానే ఉండేది గానీ, కళ్ళు బొంత మీద ఉండేవి కావు. సూది గుచ్చుతూనే లోపలి గదివైపు చూసేది. "రాత్రిళ్ళు లోపల ఎవరుంటారండీ? పిలిస్తే పలుకుతారా?" అని అడిగేది. మేం ఆవిడ ఇంటి సంగతి అడిగితే మాత్రం మాట దాటేసేది.

"పేపరువాళ్ళ మనిషేమోనండీ" అన్నారు నా పక్కన కూర్చునే టీచరుగారు. నాకైతే దొంగేమో అనిపించింది. అప్పట్నుంచి పర్సు ఒళ్ళో పెట్టుకునే కుట్టేదాన్ని.

ఒకనాడు ఆవిడ మంచినీళ్ళకని లేచి వెళ్ళి ఎంతకీ రాలేదు. చప్పుడు చెయ్యకుండా వెనకే వెళ్ళేను. లోపల మాట పడిపోయిన ఓ ముసలాయన మంచం మీదకి వంగి, ఆయన దుప్పటి ఎత్తుతోంది. ఆయన వేలికి ఉంగరం ఉంది.

"ఏం చేస్తున్నారండీ?" అన్నాను గట్టిగా.

ఆవిడ ఉలిక్కిపడలేదు. ఆయన్ని మెల్లగా పక్కకి ఒత్తిగిలించి, "వీపు చూస్తున్నానండీ. పుళ్ళు పడ్డాయేమోనని" అంది.

బయటికొచ్చేక చెప్పింది. "మస్కట్ నుంచి మావారు జబ్బుతో వచ్చేరండీ. ఆస్పత్రివాళ్ళు ఇంటికి తీసుకుపొమ్మన్నారు. ఒక్కదాన్నీ ఆయన్ని తిప్పలేకపోతున్నాను. నడుం దగ్గర పుండు పడిపోయింది. ఇక్కడ చేర్చుదామా అంటే, మీరంతా మరీ మంచిగా మాట్లాడుతున్నారు. అందుకే భయమేసిందండీ."

"మరి లోపలి ముసలాయన వీపెలా ఉంది?" అన్నాను. అన్నాళ్ళూ వసారాలో కూర్చోడమే గానీ, నేనెప్పుడూ చూళ్ళేదు.

"ఆయ్, శుభ్రంగానే ఉందండీ. ఇవాళ్టికి."

ఇంకో వారం చూసి, అప్పుడు భర్తని వ్యాన్లో తీసుకొచ్చింది. మేం కుట్టిన బొంత ఆయనకి కప్పేముందు ఎక్కడైనా సూది మిగిలిపోయిందేమోనని అంగుళం అంగుళం తడిమి చూసింది. అక్కడ రోగుల్ని చూసుకునే సిస్టరమ్మ ఆయనకి స్నానం చేయిస్తుంటే పక్కనే నిలబడేది. ఎవర్నీ నమ్మినట్టు కనపడేది కాదు. కానీ ఆయన పుండు మాత్రం మానుతూ వచ్చింది. మెలకువగా ఉన్నప్పుడు ఆయన బొంత అంచు వేళ్ళతో నిమురుతూ పడుకునేవారు. ఓ పొద్దున్న అలాగే పోయేరు.

శవాన్ని తీసుకెళ్ళడానికి ఆయన అన్నగారు వచ్చేరు. వసారాలో ఆగి మావైపు అదోలా చూసి, "ఊరికే చేస్తున్నామంటే నమ్మమంటారా? మీకేంటండీ లాభం?" అన్నారు.

మేం జవాబు చెప్పేలోగా ఆవిడే అంది. "నేనూ వెతికేనండీ, బావగారూ. ఏం దొరకలేదు."

ఆయన నమ్మలేదు. చెప్పులు విప్పి, ఒక్కో గదిలోకీ తొంగిచూస్తూ ఇల్లంతా తిరిగేరు. ఆయన తిరిగొచ్చేదాకా ఆవిడ వ్యాన్లో, భర్త తల ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది.