మా మామగారూ, టేక్ అనే మాటా

మా మామగారు పోయారు. పోయిన నెల ఒక ఆదివారం పొద్దున, పేపరు మడత ఇంకా విప్పకముందే, వరండాలో పడక్కుర్చీలోనే. మేము నలుగురికీ ఫోన్లు చేసేలోపే వీధి చివర టీ అంగడి దగ్గర "ఇంగ్లీషు సారు పోయినాడంట" అనుకున్నారట. గూడూరు హైస్కూల్లో ఇంగ్లీషు చెప్పి, రిటైరై మా ఊరు కోటకు వచ్చి చాలా ఏళ్లయినా ఊరందరికీ ఆయన సారే. నేను ఆయన కోడలిని, పైగా తెలుగు టీచర్ని. అందుకని మా ఇంట్లో అత్తాకోడళ్ల పోరు లేదు గానీ రెండు భాషల పోరు మాత్రం ఉండేది.

ఆయన పాఠం ఎప్పుడూ ఒకే క్రియతో మొదలయ్యేది. టేక్. "ఇంగ్లీషు రాదని ఏడవబాకండి. ఈ ఒక్క మాటను మచ్చిక చేసుకోండి, మిగతావి దానెనకాలే నడిచొస్తాయి" అని సాయంత్రాలు వరండాలో చేరే వీధి పిల్లలకు చెప్పేవారు. మందు వేసుకున్నా టేక్, సెలవు పెట్టినా టేక్, ఫొటో తీసినా టేక్, బస్సెక్కినా టేక్. విమానం లేస్తే టేక్ ఆఫ్, బిడ్డకు తండ్రి పోలిక వస్తే టేక్ ఆఫ్టర్. నేను వంటింట్లో ఊరుకునేదాన్ని కాదు. "మా తెలుగులో పట్టు ఏం తక్కువ మామా? చేపలు పడతాం, ఇనుముకు తుప్పు పడుతుంది, మనిషికి చెమట పడుతుంది, బిడ్డకు పాలు పడతాం, పిండి పట్టిస్తాం" అనేదాన్ని. ఆయన వేళ్లు మడిచి లెక్క చూసుకుని, "ఇయ్యాల్టికి నువ్వే గెలిచినావులేమ్మా, కాఫీ పెట్టు" అనేవారు.

టేక్ పుట్టుక చెప్పేటప్పుడు ఆయనకు కాఫీ కూడా గుర్తుండేది కాదు. అది ఇంగ్లీషువాళ్ల సొంత మాట కాదట. ఉత్తర దేశాల నుంచి ఓడల మీద వచ్చి, దోచుకుని, చివరికి అక్కడే కాపురాలు పెట్టినవాళ్ల నోటి వెంట దిగిన మాటట. అంతకుముందు తీసుకోవడానికి నిమన్ అనే మాట ఉండేదట. కొత్తది వచ్చి దాన్ని గడప దాటించింది. ఇంకా వెనక్కి పోతే టేక్‌కు తీసుకోవడం అనే అర్థమే లేదు. తాకడం, చెయ్యి ఆనించడం, అంతే.

"తాకు, టేక్, ఇవి చుట్టాలేనా మామా?" అని ఒకసారి ఆశగా అడిగాను.

"కాదమ్మాయ్. మొగాలు కలిసినంత మాత్రాన చుట్టరికం గాదు" అని నీళ్లు చల్లారు. తర్వాత ఓదార్పుగా తన సూత్రం చెప్పారు. "పుట్టుక తెలుసుకోవాల గానీ, దాన్నే పట్టుకోని ఏళ్లాడబాక. మాట మీద పెత్తనం వాడుకదే."

రెండేళ్ల కిందట ఆయనకు పక్షవాతం వచ్చింది. నెల్లూరు ఆసుపత్రి నుంచి ఇంటికి వచ్చేసరికి మాట నిదానించింది, కుడిచెయ్యి పూర్తిగా పడిపోయింది. ఎడమచెయ్యి బాగానే ఉంది, కానీ ఏం లాభం? ఎడమచేత్తో ఎవరి దగ్గరా ఏదీ అందుకోకూడదని ఆయన పంతం. ఆ మర్యాద మనందరికీ ఉన్నదే. అయినా జబ్బు మనిషికి మినహాయింపు ఉంటుంది గదా? ఆయన దగ్గర లేదు. కాఫీ ఇవ్వబోతే "ఆడ పెట్టు" అనేవారు. స్టూలు మీద పెట్టి నేను అటు తిరిగాక ఎడమచేత్తో ఎత్తుకునేవారు. ఒకరోజు కుడిచేతిని తువ్వాలు కిందికి తోసుకుంటూ, "పాత నిమన్ ఊరికే పోలా. మొద్దుబారిందనేదానికి నంబ్ అంటారే, ఆ మాటలో మిగిలిపోయింది. ఇప్పుడొచ్చి నా చేతిలో కాపరం పెట్టింది" అన్నారు. నాకు నవ్వు రాలేదు.

స్టూలుతో కాఫీ వరకు గడిచింది. మనుషులతో ఎలా గడుస్తుంది? ఇంటికి వచ్చినవాళ్లు ఏదో ఒకటి చేతికిస్తారు, పెళ్లిపత్రికో, పండో. ఆ భయంతో ఆయన వరండాలోకి రావడం మానేశారు. పాఠాలు లేవు, పేపరు లేదు. గదిలోనే రోజురోజుకీ చిన్నబోతున్నారు. ఇట్లాగే ఉంటే మందులు ఎంత బాగా పనిచేసినా మనిషి మాకు దక్కడని నాకు భయం పట్టుకుంది.

అంతలో కొత్త సంవత్సరం వచ్చింది. గూడూరు నిమ్మకాయల మార్కెట్లో వ్యాపారం చేసే పాత శిష్యుడొకాయన ఏటా ఆ రోజున వచ్చి, ఏరి తెచ్చిన కాయ ఒకటి సారు చేతిలో పెట్టి దండం పెట్టుకుంటారు. ఈసారీ వచ్చి, గదిలోకి పోయి, నిమ్మకాయ అందించబోయారు. మామగారు చెయ్యి చాచలేదు. గోడవైపు తిరిగారు.

శిష్యుడు బయటికి వచ్చి, మొహం చిన్నబుచ్చుకుని నా దగ్గర నిలబడ్డారు. "అక్కా, సారుకు నా మీద కోపమొచ్చినట్టుండాది. ఏం తప్పు జేసినానో అడిగి చెప్పండి."

చెయ్యి సంగతి చెప్పాను. ఆయన కళ్లు తుడుచుకున్నారు. "ఏ చెయ్యైతే ఏందక్కా, అది సారు చెయ్యే గదా?"

మామగారి పంతం మీద నాకు కోపం వచ్చింది. మజ్జిగ గ్లాసు పట్టుకుని గదిలోకి పోయి స్టూలును కాలితో పక్కకు తోశాను. ఆయన కుడిచేతిని నేనే ఎత్తి గ్లాసుకు ఆనించాను. కింద ఎడమచెయ్యి ఆసరాగా పెట్టించాను.

"టేక్ అంటే మొదట తాకడమేనని చెప్పింది మీరే. తాకినారు. ఇంక తీసుకోండి మామా."

"అది ఎప్పుడో పాతకాలం నాటి అర్థం. ఇప్పుడు చెల్లదు" అన్నారు ఒక్కొక్క మాటే కూడదీసుకుంటూ.

"పెత్తనం వాడుకదేనన్నారు గదా. మనింట్లో ఈ పొద్దు నుంచి ఇదే వాడుక."

మూతి ఒక పక్కకు కదిలింది. జబ్బు చేశాక ఆయన నవ్వు అంతే. "నువ్వు టీచరువి గాదమ్మాయ్, ప్లీడరువి" అని మజ్జిగ తాగారు. శిష్యుణ్ణి లోపలికి పిలిచాను. కుడి అరచేతిని ఎడమచేతి మీద వెల్లకిలా పెట్టుకుని ఆయన నిమ్మకాయ తీసుకున్నారు. శిష్యుడు ఆ రెండు చేతులనూ కలిపి పట్టుకుని ఎంతకీ వదల్లేదు.

మర్నాడు పడక్కుర్చీ వరండాలోకి వచ్చింది. సాయంత్రాలు వీధి పిల్లలు మళ్లీ చేరారు. వాళ్లు జేబులోంచి తీసిచ్చే రేగుపండును కూడా ఆయన అలాగే, రెండు చేతులతో అందుకునేవారు. ఆయన నాకు నేర్పినవి చాలా ఉన్నాయి. కానీ నా మాటకు తలవంచిన ఆ ఒక్క పూటకు నేను ఎక్కువ రుణపడి ఉన్నాను. అంత చదివిన మనిషి కోడలి చేతిలో ఓడిపోవడానికి ఒప్పుకోవడం చిన్న సంగతి కాదు.

పెద్దకర్మ రోజు భోజనాలయ్యాక పిల్లలకు లడ్లు పంచుతున్నాను. పక్కింటి పాప వచ్చింది. ఇంకా బడికి పోని పిల్ల. కుడి అరచేతిని వదులుగా ఎడమచేతి మీద వాల్చి, నా ముందుకు చాచింది.

"రెండు చేతులూ బాగనే ఉండాయి గదే, అట్ట పెట్టినావేంది?" అంది వాళ్లమ్మ.

"ఇట్టనే గదా తీసుకునేది" అంది పాప.

లడ్డు పెట్టాను. పాప వేళ్లు ముడవలేదు. కుడిచేతిలో లడ్డు ఊరికే ఆని ఉంది, బరువంతా కింద ఎడమచెయ్యి మోస్తోంది. అది జారిపోకుండా చూసుకుంటూ, ఒక్కో మెట్టే దిగి, వీధిలోకి నడిచిపోయింది.