చప్పట్లు లేని పాట

ఆ అవ్వ పేరు నాకు తెల్వదు. ఆమె అడిగిన మాటకు ఏం జవాబు చెప్పాల్నో కూడ ఇంకా తెల్వదు.

జహీరాబాద్ దాటంగనే మా బస్సు లారీల నడుమ ఇరికింది. ముందటికి పోదు, ఎనుకకు రాదు. నా పక్క సీట్ల అద్దాల రవిక తొడుక్కున్న లంబాడీ అవ్వ కూసున్నది. తమ తండా పక్కన రిసార్టు కట్టిన్రని, ఆడికొచ్చే టూరిస్టులకు దినాం పాట పాడుతనని చెప్పింది.

"ఏం పాట అవ్వా?"

"పెండ్లిపిల్ల అత్తగారింటికి పోయేటప్పుడు తల్లి మెడ పట్టుకొని ఏడ్సుకుంట పాడేది. నేను ఏడుస్తుంటే వాళ్లు చప్పట్లు కొడ్తరు."

నాకు ఒళ్లు మండింది. "గసొంటోళ్లకు ఎందుకు పాడుతవు? బంజెయ్."

"తండల పెండ్లిళ్లకు డీజే వచ్చింది బిడ్డా. రిసార్టుల గూడ బంజేస్తే ఈ పాట నాతోనే పోతది."

"ఐతే మాకోసం జర పాడవ్వా" అన్న.

గొంతు తగ్గించి పాడింది. వాళ్ల భాష నాకు ఒక్క ముక్క అర్థం కాలే. ఎనుక సీటు ఆడామె మాత్రం కొంగుతోని కండ్లు ఒత్తుకున్నది. పాట అయిపోయినా బస్సుల ఎవ్వరు సప్పుడు జెయ్యలే.

అవ్వ కండ్లు తుడుసుకొని, బెదురుకుంట నా దిక్కు చూసింది.

"ఎవ్వరు చప్పట్లు కొట్టలే. మంచిగ లేదా బిడ్డా?"